కోల్డ్ రూములో ఎప్పుడూ నాలుగే

మా చెన్నయ్య రాసే రిజిస్టరు చూస్తే ముచ్చటేసేది. పెరుగు నిలవుంచే కోల్డ్ రూములో రెండు గంటలకోసారి ఎన్ని డిగ్రీలుందో చూసి రాయాలని నిబంధన. ఆయన ఏ పూటా తప్పేవాడు కాదు. ఉండాల్సింది నాలుగు. మే నెలలోనూ నాలుగే, కరెంటు పోయినా నాలుగే. బంద్ నాడు యూనిట్‌కి తాళం వేసి ఉంటే ఆ రోజూ నాలుగే. ప్రతి పేజీ కింద "తనిఖీ చేయబడినది" అని సంతకం పెట్టిన మహానుభావురాలిని నేనే, క్వాలిటీ ఆఫీసరు సింధూరని. ఒక్కనాడు ఆ తలుపు తీసి చూసిన పాపాన పోలేదు.

కొత్తూరులో మాది చిన్న యూనిట్. ఎయిర్‌పోర్టుకి భోజనాలు పంపే ఒక వంటశాలకి నాలుగేళ్లుగా పెరుగు కప్పులు ఇస్తున్నాం. వేరే గిరాకీ లేదు. 2012 వేసవిలో వాళ్ల దగ్గర్నుంచి కబురొచ్చింది. గురువారం తనిఖీకి మనిషిని పంపుతారట, తేడా వస్తే పెరుగు వేరేచోట కొంటారట. మా ఓనరు వరప్రసాద్ గారు కంగారుపడి ఒక మిషను తెప్పించారు. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికో తీగ, తీగ చివర ఇనప పుల్ల. చల్లదనం మరీ తగ్గినా, మరీ పెరిగినా నా ఫోనుకి మెసేజ్ కొడుతుంది. రోజంతా ఎన్ని డిగ్రీలుందో కాగితం మీద గీతగా గీస్తుంది.

సోమవారం పెట్టామో లేదో, మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్టింది. తొమ్మిది డిగ్రీలు. పరుగెత్తి వెళ్లి చూద్దును కదా, ప్యాకింగ్ చేసే సత్తెమ్మా ఆమె జట్టూ కోల్డ్ రూము తలుపు బార్లా తీసి, గుమ్మంలో వరసగా కూర్చుని సద్ది తింటున్నారు. షెడ్డులో ఎండకి ప్రాణం పోయేలా ఉంది. తిట్టడానికి నాకు నోరు రాలేదు, పక్కన కూర్చోవాలనిపించింది. మంగళవారమూ తొమ్మిదే. ఆ రెండు రోజుల కప్పులూ పారబోయించి, వాళ్లు తినేచోట కూలరు పెట్టించాను. బుధవారం మధ్యాహ్నం తలుపు తెరుచుకోలేదు.

చెన్నయ్యకి మాత్రం మిషనంటే ఒళ్లు మంట. నాలుగేళ్లుగా తను నాలుగంటుంటే, నిన్నగాక మొన్న వచ్చింది తొమ్మిదంటుందా? బుధవారం సాయంత్రం నా దగ్గరికొచ్చి, "పరేషాన్ గాకుండ్రి మేడం, రేపు దాని సంగతి నేను చూస్కుంట" అన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా. థాంక్స్ చెప్పి ఇంటికెళ్లిపోయాను.

గురువారం పదకొండు దాటాక తనిఖీ అధికారి పట్టాభిరామయ్య గారు వచ్చి కూర్చున్నారో లేదో, నా ఫోను మోగింది. కోల్డ్ రూము సున్నా డిగ్రీలట. ఆయన పక్కనే ఉన్నారు, దాచే దారి లేదు. ఇద్దరం లోపలికి వెళ్లి తీగ వెంట చూసుకుంటూ పోతే, పుల్ల చెన్నయ్య టిఫిన్ గిన్నెలో తేలింది. గిన్నెనిండా ఐసు.

పట్టాభిరామయ్య గారు రిజిస్టరు తెరిచారు. పదకొండింటికి నాలుగు. ఇంకా కాని ఒంటిగంటకీ నాలుగు, సాయంత్రం ఐదింటికీ నాలుగు. కింద నా సంతకం.

"ఈ సంతకం ఎవరిదండీ?" అని అడిగారు.

నాదేనన్నాను. చూడకుండానే పెట్టానని కూడా చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

చెన్నయ్య అడ్డమొచ్చాడు. "మేడంను ఏమనకుండ్రి సార్. లోపట చల్లగుంటె నాలుగు రాస్త. లేకుంటె తలుపు మూసి నాలుగు రాస్త."

"ఎంతుంటే అంతే రాస్తే ఏం పోయిందయ్యా?"

"గట్ల రాస్తె మీరు పెరుగు కొనరు గద సార్."

పట్టాభిరామయ్య గారు మిషను గీసిన కాగితం అడిగారు. రెండు మధ్యాహ్నాలు గీత పైకి లేచి, మూడోనాడు చదునుగా ఉంది. ఎందుకు లేచింది, ఎలా దిగింది అన్నారు. సత్తెమ్మ సద్ది నుంచి కూలరు దాకా, పారబోసిన కప్పులతో సహా అంతా చెప్పేశాను.

"ఈ తొమ్మిది చూసే మిమ్మల్ని నమ్ముతున్నాను," అన్నారాయన. రిజిస్టరు సరిచేసుకోవడానికి నెల గడువిచ్చి, ఐసు గిన్నె చెన్నయ్య చేతికిచ్చి వెళ్లిపోయారు.

మర్నాడు ఒంటిగంటకి చెన్నయ్య రిజిస్టరు తెచ్చాడు. అందులో ఏడు. పక్కన, "సత్తెమ్మ తలుపు తీసింది. మూయించిన" అని రాసుంది. నాలుగేళ్లలో ఆయన రాసిన మొదటి ఏడు అది. పెన్ను నా చేతికిచ్చి నిలబడ్డాడు.

నేను పెన్ను బల్ల మీద పెట్టి లేచి, కోల్డ్ రూము వైపు నడిచాను.

"నా మీద నమ్మకం లేదా మేడం?" అన్నాడు వెనక నుంచి.

"మీ మీద ఉంది. లేనిది నా సంతకం మీద," అన్నాను.