ఎవరిదీ కాని గది

మీకో మాట ఒప్పుకోవాలి. నేను పట్టపగలు, కళ్ళు తెరుచుకుని కలలు కంటాను. బట్టలు మడత పెడుతున్నప్పుడు మరీ ఎక్కువ. ఆ ఉదయం మంచం మీద మూడు దొంతరలు: ఆయనవి, అత్తయ్యవి, నావి. తువ్వాళ్ళు, దుప్పట్లు ఏ దొంతరలోకీ రావు. ఎవరివీ కావు కాబట్టి వాటి పని నాది. అవి నా చేతుల్లోంచి మెల్లగా లేచి, రెక్కలు విప్పుకుని, కిటికీలోంచి బారుగా ఎగిరిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

"గ్యాస్ అయిపోయింది, చూశావా?" వంటింట్లోంచి అత్తయ్య గొంతు. "అంత కంప్యూటర్ చదువు చదివి, సిలిండర్ కదిపి చూడ్డం తెలీదా?"

"నాకు చెప్తే బుక్ చేసేవాణ్ణిగా," అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. "నువ్వు చెప్పవు. అదే నీతో వచ్చిన చిక్కు."

చెప్పడం కూడా ఒక పనేనని ఆయనకి ఎలా చెప్పాలో ఆలోచిస్తూ బస్సెక్కాను.

నేను ఉద్యోగ శిక్షణ కేంద్రంలో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ రాస్తాను. పని పోయినవాళ్ళు, పని దొరకనివాళ్ళు అక్కడికొచ్చి ఏదో ఒక పని నేర్చుకుంటారు. ఇన్నాళ్ళూ దాన్ని కేంద్ర ప్రభుత్వమూ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి నడిపాయి. అంటే, అవతలివాళ్ళు నడుపుతున్నారులే అని ఇద్దరూ అనుకున్నారు. ఇప్పుడు పంచుకుంటున్నారు. ఏ సేవ ఎవరిదో తేల్చి చెప్తే ఆ పట్టికని నేను వెబ్‌సైటులో విడుదల చెయ్యాలి. వచ్చే నెల నుంచి ఎవరి సేవకి వాళ్ళే జీతాలిస్తారు. ఎవరూ తీసుకోనిది ఆగిపోతుంది. క్యాంటీన్లో మేం వాళ్ళని పైవాళ్ళు, కిందివాళ్ళు అంటాం. మా ఇంటికీ సరిపోతుంది ఈ ఏర్పాటు: విధానాలు అత్తయ్యవి, నిధులు ఆయనవి (నా జీతం కూడా వాటిలోనే), అమలు నాది.

మీటింగుకి వెళ్తుంటే మెట్ల దగ్గర గ్రీజమ్మ ఆపింది. లిఫ్టు రిపేర్ల బ్యాచ్‌లో ఉన్న అమ్మాయి. చెంప మీద ఎప్పుడూ ఒక నల్ల మరక ఉంటుంది, అందుకే ఆ పేరు. ఒక చేతిలో స్పానర్, చంకలో కూతురు.

"అక్కా, మా పిల్లల గది సంగతేంటి?"

"ఇవాళే మాట్లాడతారు."

"ఆ గది, ఆయా పోతే పాపని ఎవరి దగ్గర వదిలి క్లాసుకి రాను? నేనూ ఇంటికే. మా ఆయన అప్పుడే అంటున్నాడు, సరదా తీరిందిగా, ఇక చాల్లే అని."

పాప నా ఐడీ కార్డు నోట్లో పెట్టుకుంది. మెల్లగా లాక్కున్నాను.

మధ్యాహ్నం, చీకటి గది, ప్రొజెక్టర్ వెలుతురు. తెర మీద రెండు నిలువు గళ్ళు. మధ్యలో సన్నటి తెల్లటి ఖాళీ. చూస్తూ ఉంటే అది ఏరైపోయింది, గళ్ళు రెండూ ఒడ్డులయ్యాయి.

"శిక్షణ మాది. ఉద్యోగం చూపించడం మీది," అన్నాడు పై ఆఫీసరు.

"చూపించకపోతే తిట్లూ మావేనన్నమాట. సర్టిఫికెట్ మీద ఫొటో మాత్రం మీ మంత్రిదా?" అన్నాడు కింది ఆఫీసరు.

ఫొటో గొడవలోనే టీలు రెండుసార్లు వచ్చాయి. చివరికి పిల్లల గది వంతు వచ్చింది.

"అది శిక్షణ కాదుగా."

"ఉద్యోగమూ కాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు వాళ్ళకి కుదిరిన మొదటి ఒప్పందం అదే. తర్వాత ఇద్దరూ నావైపు తిరిగారు.

"నువ్వు చూసుకోమ్మా," అన్నాడు పై ఆఫీసరు. "ఆయా లేకపోతేనేం, మీ ఆడవాళ్ళంతా వంతులేసుకోండి. మీకు అలవాటేగా."

'సరే సార్' నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ళుగానో నానిన మాట, మెత్తగా, తియ్యగా ఉంటుంది. అప్పుడే ఆ తెల్లటి ఏట్లో పిల్లల గది తేలుతూ కనిపించింది. కిటికీలో గ్రీజమ్మ కూతురు. వెనక మా తువ్వాళ్ళు, దుప్పట్లు. ఒక మూల, రెండు జడలేసుకున్న చిన్నపిల్ల, ఖాళీ సిలిండర్ మీద కూర్చుని ఉంది. పరికించి చూస్తే అత్తయ్య. ఆవిడని ఆ గదిలో ఎవరు, ఎప్పుడు వదిలేశారో! ఏ ఒడ్డునుంచీ ఎవరూ చెయ్యి చాపట్లేదు.

నా వేళ్ళు కీబోర్డు మీద కదిలాయి.

"ఏంటమ్మా రాస్తున్నావ్?"

"చిన్న రూలు సార్. ఒక్క సేవకి బాధ్యులు లేకపోయినా పట్టిక మొత్తం విడుదలవదు."

"ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టాను సార్."

"తీసెయ్."

"తీసేస్తాను. పిల్లల గది మూసేస్తున్నామని ఎవరో ఒకరు సంతకం పెట్టండి."

నా కాంట్రాక్టు పొడిగించాల్సింది వాళ్ళే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూసేస్తూ సంతకం పెట్టినా గది తనదని ఒప్పుకున్నట్టే కదా! ఎవరూ పెన్ను తియ్యలేదు.

"బిల్డింగ్ మాదేగా, గది మేం ఉంచుతాం. ఆయా జీతం సంగతి చెప్పండి," అన్నాడు కింది ఆఫీసరు, నీళ్ళు తాగి.

"శిక్షణ ఖర్చులో వేస్తాంలే," అన్నాడు పై ఆఫీసరు. నావైపు మాత్రం చూడలేదు.

కిందికి దిగుతుంటే గ్రీజమ్మ ఎదురైంది. గది ఉంటుంది అన్నాను. ఆమె స్పానర్‌తో రెయిలింగ్ మీద టంగుమని కొట్టింది. ఆ చప్పుడు ఇల్లు చేరేదాకా నా చెవుల్లో తియ్యగా మోగుతూనే ఉంది.

ఇంట్లో మంచం మీద మూడు దొంతరలూ, మడత పెట్టని తువ్వాళ్ళ గుట్టా అలాగే ఉన్నాయి.

"నా తువ్వాలేది?" అన్నాడు ఆయన.

"ఆ గుట్టలో."

"మడత పెట్టలేదా?"

"లేదు. అవి ఎవరి పనో తేలేదాకా ఏ దొంతరా అలమారాలోకి వెళ్ళదు. నావి కూడా."

"గ్యాస్ అన్నా బుక్ చేశావా?" అడిగింది అత్తయ్య.

"అదీ తేలలేదు అత్తయ్యా."

ఆవిడ నా పక్కన మంచం మీద కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుని, ఇక నువ్వే తేల్చరా అన్నట్టు కొడుకు వైపు తిరిగింది.

మీ ఇంట్లో ఏ దొంతరలోకీ రాకుండా మిగిలిపోయేవి ఏంటి? అవి చివరికి ఎవరి చేతికొస్తున్నాయి? నాకు రాయండి, పేజీలు పేజీలు రాసినా పర్లేదు. మాకింకా గ్యాస్ రాలేదు. తీరిగ్గా చదువుకుంటాను.