వేలు పెట్టి చూడాలి

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆవిడ గ్యాసు గురించి చెప్పలేదు, తాళాల గురించీ చెప్పలేదు. గుండె ఆపరేషనుకి వెళ్తున్న మనిషి, మొగుణ్ణి భుజం పట్టుకుని లాక్కొచ్చి కిటికీ పక్కనున్న కుండీ ముందు నిలబెట్టింది.

"రోజూ పొయ్యొద్దు. ఆకుల్ని చూసి పొయ్యొద్దు. పైన ఎప్పుడూ ఎండినట్టే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. వేలు రెండు కణుపుల దాకా లోపలికి పెట్టి చూడండి. తడి తగిలితే నీళ్ళ జోలికే పోవద్దు. పొడిగా ఉంటేనే పొయ్యండి. అర్థమైందా?"

"మొక్కకి నీళ్ళు పొయ్యడం కూడా నాకు నేర్పాలా?" అన్నాడాయన.

అనేశాడు గానీ, ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన తన వేళ్ళ వంకే చూసుకున్నాడు.

ఆయన దర్జీ. వీధివైపు గదే దుకాణం. గడప తొక్కినవాళ్ళందరికీ ఆయన మాస్టరు. బట్ట మడత విప్పకుండానే కొసని రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది ఉతికితే కుంచించుకుపోతుంది, రెండు ఉతుకులయ్యాక పట్టుకురండి" అని చెప్పగల మనిషి. అంటే, ఒకప్పుడు చెప్పగలిగిన మనిషి. కొన్నాళ్ళుగా ఆ వేళ్ళు మొద్దుబారిపోతూ వచ్చాయి. ముందు కొసలు, తర్వాత కణుపులు, ఇప్పుడు అరచెయ్యి కూడా. పట్టు, నూలు, గోనెపట్టా ఆయనకి ఒకటే అయిపోయాయి. పదివేళ్ళూ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. మిషను మీద పని కళ్ళతో నెట్టుకొస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చేతికి స్పర్శ లేని దర్జీకి బట్టలెవరిస్తారు? పెళ్ళానికైనా చెబుదామనుకునేలోపు ఆవిడకి ఆయాసం మొదలైంది. ఇంకేం చెబుతాడు?

ఆ మొక్కా అల్లాటప్పాది కాదు. నల్లటి ఆకుపచ్చ ముఖమల్ ఆకులు, వాటి మీద వెండి జరీతో కుట్టినట్టు ఈనెలు. ఎక్కడో వేడి అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి. ఆవిడ స్నేహితురాలొకామె వేలెడు ముక్క ఇస్తే, బిడ్డకన్నా జాగ్రత్తగా పెంచి దాన్ని ఇంతదాన్ని చేసింది. ఆ స్నేహితురాలి దగ్గరున్న తల్లిమొక్క ఎప్పుడో పోయింది. అడుగుదామంటే మళ్ళీ ఎవరి దగ్గరా లేదు. మాస్టరు దాన్ని "నా సవతి" అని ఏడిపించేవాడు. ఆవిడ నవ్వేది కాదు, ఆకులు తుడుచుకుంటూ ఉండేది.

ఆపరేషనయ్యాక కొడుకుని ఆవిడకి తోడుంచి ఇంటికొచ్చి, మొదటిసారి కుండీలో వేలు పెట్టాడు. తడీ లేదు, పొడీ లేదు. గాల్లో పెట్టినట్టుంది. తీసి చూశాడు. అది మట్టయితే వేలికి అంటిన తీరు చూసైనా తెలిసేది. ఆవిడ మట్టి వాడదాయె! కొబ్బరి పీచు, బెరడు ముక్కలు, బొగ్గు కలిపిందది. తడిసినా నలుపే, ఎండినా నలుపే. కాస్త తీసి చెంపకి రాసుకున్నాడు. చల్లగా తగిలింది. కిటికీ పక్కన ఏదైనా చల్లగానే ఉంటుంది కదా అని మళ్ళీ అనుమానం. చివరికి ఎందుకైనా మంచిదని ఓ గ్లాసు పోశాడు.

కోడల్ని అడగొచ్చు. కానీ "కాస్త వేలు పెట్టి చూడమ్మా" అంటే, "మీ వేలికేమైంది మామయ్యా?" అంటుంది. కోడలికి తెలిస్తే కొడుక్కి తెలుస్తుంది, అక్కణ్ణుంచి ఆసుపత్రి మంచం దాకా పాకడానికి ఎంతసేపు? ఆవిణ్ణి కంగారు పెట్టొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

కొన్నాళ్ళకి ఒక ఆకు తల వాల్చేసింది. మాస్టరు ప్రాణం విలవిల్లాడింది. దాహమేస్తోందనుకుని నీళ్ళు పోశాడు. మర్నాడు ఇంకోటి వాలింది. మళ్ళీ పోశాడు. ఆకుల్ని చూసి పొయ్యొద్దని ఆవిడ చెప్పిన మాట గుర్తులేక కాదు. వేలు ఏమీ చెప్పనప్పుడు, ఆకు తప్ప ఆయనకి దిక్కేముంది?

రోజూ సాయంత్రం ఆవిడ ఫోను చేసేది. ఆపరేషను బాగా జరిగింది. గొంతు మాత్రం నీరసంగా ఉండేది.

"నా పిల్ల ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. నువ్వు తిన్నావా?"

"వేలు పెట్టి చూస్తున్నారా?"

"చూస్తున్నానే తల్లీ, ఎన్నిసార్లడుగుతావు?"

అబద్ధం కూడా కాదది. వేలు నిజంగానే పెడుతున్నాడు.

ఆవిడ ఇంటికొచ్చే రోజు పొద్దున, మాస్టరు చేత్తో కాజాలు కుడుతున్న తెల్లచొక్కాని కోడలు చూసి కెవ్వుమంది. "మామయ్యా, రక్తం!" కాలర్ నిండా ఎర్రటి చుక్కలు. సూది ఎప్పుడు దిగిందో, ఎన్నిసార్లు దిగిందో ఆయనకి తెలీదు. "చూపు మందగించిందమ్మా, వయసు" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకున్నాడు.

ఆవిడ చిక్కి సగమై వచ్చింది. మంచం వేశానని కోడలంటున్నా వినకుండా, గోడ పట్టుకుని నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. ఆకులు రెండే మిగిలాయి. అవీ పసుపురంగుకి తిరిగాయి. ఆవిడ కుండీలో వేలు పెట్టి, బయటికి తీసి వాసన చూసింది. కుళ్ళిన వేర్ల కంపు.

"వేలు పెట్టి చూశారా?"

"రోజూ చూశాను."

"ఇంత బురదలో వేలు పెట్టి కూడా నీళ్ళు పోశారా?"

మాస్టరు తలొంచుకున్నాడు. మతిమరుపని చెబుదామా, కోడలి మీదికి తోద్దామా అని ఆలోచించాడు. ఆవిడ మొక్కని వదిలేసి ఆయన వేళ్ళకున్న గుడ్డపీలికల్ని చూస్తోంది. ఒక్కొక్కటే విప్పింది. కిందా పైనా సూదిపోట్లు.

"కళ్ళు మూసుకోండి" అంది.

"ఎందుకూ?"

"మూసుకోండి ముందు."

మూసుకున్నాడు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఏమడుగుతుంది? తడా, పొడా? తడి అనెయ్యాలి. బురద అని ఆవిడే చెప్పింది కదా, ఇక తప్పెలా అవుతుంది? ఎంతసేపటికీ వేలికి ఏమీ తగల్లేదు.

"పెట్టవేం మరి?" అన్నాడు విసుగ్గా.

కళ్ళు తెరిచాడు. ఆయన చూపుడువేలు అప్పటికే రెండు కణుపుల దాకా ఆ బురదలో ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది ఆవిడ.

"నీకు ఆయాసం రాకముందు నుంచీ." చెప్పేసి స్టూలు మీద కూలబడ్డాడు. "నీ మొక్కని చంపేశానే. తిట్టు."

"మొక్క పోతే పోయింది" అంటూనే ఏడ్చేసింది. ఏడవకూడదని డాక్టరు చెప్పిన మనిషి, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ ఏడ్చింది. "ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళేదాకా మీ చెయ్యి పట్టుకునే కదండీ పడుకున్నాను. నాకింకే ధైర్యముందీ? పట్టుకుని పట్టుకుని నా వేళ్ళు నొప్పి పుట్టాయి. మీకు అది కూడా తెలీలేదా?"

తెలిసిందని అనాలని మాస్టరు నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ అంత సులువుగా వచ్చిన అబద్ధం ఇప్పుడు రాలేదు.

"చూస్తూ ఉన్నాను" అన్నాడు. "నీ చెయ్యి నా చేతిలో ఉందో లేదోనని, రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నాను."