ఆఖరు ఎవరు?

శనివారం పొద్దున్నుంచీ బల్దస్సారే సెలూన్‌లో ఒకటే గోల. రాత్రి టీవీలో వేసిన మాఫియా సినిమాని పలెర్మో ఊరంతా చూసింది. నిమ్మకాయల బండి తోసుకునే కుర్రాడు సినిమా సగం అయ్యేసరికి ఊరికి దొరైపోతాడు. అదే బల్దస్సారేకి మింగుడుపడలేదు.

"చెవిలో పువ్వులు పెడుతున్నారు మాస్టారూ! నిన్నటిదాకా నిమ్మకాయలమ్మినోడికి ఊరంతా వంగి వంగి దణ్ణాలా? జనానికి సిగ్గూ శరం ఉండవా?"

కుర్చీలో ఉన్నది రిటైరైన బడిపంతులు ఒనోఫ్రియో. ఒక చెంప గొరిగించుకున్నాడు, రెండో చెంప నిండా నురగ. "ఉంటాయయ్యా. కానీ ఒకడు పని చేసిపెట్టాక మొహమాటం కూడా ఉంటుంది. కత్తి కాస్త దూరంగా పెట్టి మాట్లాడు."

"మొహమాటంతో దొరలైపోతారా? ఇన్నేళ్లూ పిల్లలకి చెప్పింది ఈ పాఠమేనా?"

"నాకు కథ తలా తోకా తెలీలేదుగానీ, హీరోయిన్ మాత్రం బావుంది," అన్నాడు బెంచీ మీద వంతు కోసం కూర్చున్న చేపల సారో. బల్దస్సారే తల పట్టుకున్నాడు. ఇలాంటివాళ్లతో వాదించడం కన్నా గోడకి గడ్డం గీయడం నయం.

బల్దస్సారే కోపానికి కారణం ఉంది. ఆ షాపులో ఒకటే చట్టం. లోపలికొచ్చినవాడు "ఆఖరు ఎవరు?" అని అడగాలి, ఆ ఆఖరువాడి తరవాత కూర్చోవాలి. జడ్జీగారినైనా కూలివాడి వెనక కూర్చోబెట్టినవాడు వాళ్ల నాన్న. బల్దస్సారేకి ఆస్తి అన్నా, పరువు అన్నా అదే.

ఇంతలో తలుపు తోసుకుని నిట్టో వచ్చాడు. మొన్నమొన్నటిదాకా సంతలో ఆక్టోపస్ ఉడకబెట్టి అమ్మినవాడు. సారో మూడు చక్రాల బండి దొంగలెత్తుకెళ్తే, పోలీసులు చేతులెత్తేశాక సాయంత్రానికల్లా తెచ్చి ఇంటిముందు పెట్టించాడు. మాస్టారి భార్యకి ఆపరేషన్ తేదీ ముందుకు జరిపించాడు. వీధిలో అతనికి రుణపడనిది ఒక్క బల్దస్సారేనే.

"ఆఖరు ఎవరు?" అని వినయంగా అడిగాడు నిట్టో.

మాస్టారు నురగ చెంపతోనే కుర్చీలోంచి లేచాడు. "కూర్చో నాయనా, నాది తరవాత చూసుకుంటా."

"తరవాతేంటి మాస్టారూ, సగం గడ్డంతోనా!" బల్దస్సారే భుజం పట్టి నొక్కాడు. మాస్టారు జారుకుని రుమాలుతో నురగ తుడుచుకున్నాడు.

"అయ్యో, లేవకండి మాస్టారూ. వరసంటే వరసే," అన్నాడు నిట్టో నవ్వుతూ.

"విన్నారా? అతనే అంటున్నాడు! సారో, నువ్వైనా రా. నీ మొహం అద్దంలో చూసుకున్నావా, ముళ్లపందిలా ఉంది!"

సారో కదల్లేదు. "నాకేం తొందర్లేదు బల్దస్సారే. చేపలు ఎండలో ఉన్నాయి, మళ్లీ వస్తా."

"తొందర లేనోడివి పరుగెందుకురా?"

ఆ మాట పూర్తయ్యేసరికి సారో వీధిలో ఉన్నాడు. మాస్టారు టోపీని గొరగని చెంప వైపు లాక్కుని, బల్దస్సారే కళ్లలోకి చూడకుండా సారో వెనకే వెళ్లిపోయాడు.

షాపు ఖాళీ. నిట్టో ఇంకా బెంచీ దగ్గరే నిలబడ్డాడు. "అయితే ఇక నా ముందు ఎవరూ లేరు కదా బాబాయ్?"

లేరు. చట్టం ప్రకారం ఇప్పుడు వంతు అతనిదే. షాపు మూసేస్తున్నానని చెబుదామనుకున్నాడు బల్దస్సారే. కానీ కుర్చీని నిట్టో వైపు తిప్పాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఉతికిన గుడ్డ తీసి దులిపి, మాస్టారికి కట్టినదానికన్నా మెత్తగా అతని మెడ చుట్టూ కట్టాయి.

"వీధి చివరిదాకా వినిపించింది మీ గొడవ. దేని గురించి?" అడిగాడు నిట్టో, తల వెనక్కి వాలుస్తూ.

"రాత్రి సినిమా గురించి."

"నేను చూళ్లేదు. బావుందా?"

బల్దస్సారే బ్రష్షుని నీళ్లలో ముంచాడు.

"ఉన్నదున్నట్టు తీశారు," అన్నాడు.