పక్కనుంచి వచ్చిన మాటలు

ముందు గదిలో పొయ్యి వెలిగించి, మంచి కప్పులు దించి తుడిచి, అల్లం కేకు ముక్కలు కోసేసరికి ఆనిస్‌కి పదకొండయింది. విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసరు వస్తున్నాడు. యార్క్‌షైర్ లోయల్లో పాతకాలపు సేద్యం ఎలా సాగిందో ఇల్లిల్లూ తిరిగి అడిగి రికార్డు చేసుకుంటున్నాడట. ఇంట్లోనే చీజ్ చేసిన ఆఖరి కుటుంబం వీళ్ళదే, ఆల్డర్సన్లదేనని ఎవరో చెప్పారట. ఉత్తరం ఆమె భర్త కిట్ పేరున వచ్చింది. గోడమీది బహుమతి పత్రాలు కూడా కిట్ పేరునే ఉన్నాయి. ఏటా పశువుల ప్రదర్శనలో చీజ్ పోటీకి పెడితే, చేసింది ఎవరైనా సరే, పొలం ఎవరిదైతే వాళ్ళ పేరే రాసుకునేవారు. తొమ్మిదిసార్లు మొదటి బహుమతి వచ్చింది. తొమ్మిదిసార్లూ కిట్ టోపీ తీసి చేతిలో పట్టుకుని వేదిక ఎక్కాడు. ఆమె బల్ల వెనకాల గుడ్డలు మడతపెట్టుకుంటూ చప్పట్లు వింది.

ప్రొఫెసరు మర్యాదస్తుడు. బూట్లు బయటే తుడుచుకుని వచ్చాడు. కిట్‌కి ఎదురుగా కూర్చుని, టేపు యంత్రం ఇద్దరి మధ్యా పెట్టుకుని, ప్రశ్నల కాగితం తీశాడు. ముప్పయి రెండు ప్రశ్నలు. ఆనిస్ తలుపు పక్కన పీట మీద కూర్చుంది.

“పాలు ఎంత వెచ్చగా ఉండాలండీ, ఆల్డర్సన్ గారూ?”

కిట్ నోట్లోంచి పైపు తీశాడు. “వెచ్చగానే ఉండాలండీ. ఎంతే, ఆనిస్?”

“మోచెయ్యి ముంచితే వేడీ తెలియకూడదు, చలీ తెలియకూడదు.”

“అదీ,” అన్నాడు కిట్.

“మరి పాలు విరగడానికి ఏం వేసేవారు?”

“దూడ పొట్ట. దాన్ని ఏదో చేసేవాళ్ళం. ఏం చేసేవాళ్ళమే?”

ఉప్పు పట్టించి ఆరబెట్టి, నానేసి, ఆ నీళ్ళు వాడేవాళ్ళమని ఆమె చెప్పింది. విరిగిన పాలని ఎప్పుడు కొయ్యాలో, రాతి బరువు కింద ఎన్ని పూటలుంచాలో, బల్ల మీద ఎన్నాళ్ళు తిరగేస్తూ ఉండాలో ఆమే చెప్పింది. కెటిల్ పట్టుకుని వంటింట్లోకి వెళ్తే అక్కణ్ణుంచే కేకేసి చెప్పింది.

“మీ జ్ఞాపకశక్తి అంతా ఆవిడ దగ్గర దాచుకున్నట్టున్నారే,” అన్నాడు ప్రొఫెసరు.

“నేను తిండి పెడుతున్నది మరెందుకనుకున్నారు,” అన్నాడు కిట్. ఇద్దరూ నవ్వారు. ఆమె టీ పోసింది.

టేపులో మాటలు విని కాగితం మీద పెట్టడానికి తమ దగ్గర మనుషులు చాలడం లేదని ప్రొఫెసరు వెళ్ళబోతూ అన్నాడు. “మా ఆవిడకిచ్చి పొండి,” అన్నాడు కిట్. “పెళ్ళికి ముందు వకీలు ఆఫీసులో టైపు కొట్టేది. ఖాళీగానే ఉంటుంది.” ఆ మాటన్నప్పుడు ఆమె చేతిలో అతని ఎంగిలి కప్పుంది.

“ఆయన చెప్పింది మాత్రం పొల్లుపోకుండా కొట్టండి, మిసెస్ ఆల్డర్సన్,” అన్నాడు ప్రొఫెసరు, యంత్రం ఎలా తిప్పాలో చూపిస్తూ. “దగ్గులూ, కప్పుల చప్పుడూ, పక్కనుంచి వచ్చిన మాటలూ అక్కర్లేదు. మా పద్ధతిలో ఒక టేపుకి ఒక మనిషే.”

సోమవారం బట్టలుతికి ఆరేశాక, తన పాత టైపు మిషను దించి, టేపు యంత్రం పక్కన పెట్టుకుని కూర్చుంది. తన గొంతు తాను వినడం ఆమెకి అదే మొదలు. వంటింట్లోంచి కేకేసిన మాటలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఎవరో పనిమంతురాలు తొందరపడకుండా చెబుతున్నట్టుంది. ఈమెతో నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా పరిచయం కాలేదే అనిపించింది. ఇరవై రెండేళ్ళప్పుడు ఈ ఇంటికి వస్తే అత్తగారు ముందు చూసింది ముఖం కాదు, చేతులు. “చల్లటి చేతులే, అమ్మాయ్. అదొక్కటైనా తెచ్చుకున్నావు. చీజ్‌కి పనికొస్తావు.” పనికొచ్చింది. మే నుంచి అక్టోబరు దాకా ప్రతి ఉదయం పాలు పోసిన రాగి గుండిగ ముందు నిలబడింది. జ్వరమైనా, చర్చికి పోవలసిన ఆదివారమైనా పాలు ఆగవు కదా. కిట్ మంచివాడేనని ఊరంతా అనేవారు. తాగడు, కొట్టడు. చీజ్ గదిలోకి వచ్చేవాడు, ఎవరైనా కొనడానికి వస్తే చూపించడానికి.

ఇరవై ఏడో ప్రశ్న దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి.

“చీజ్ చెయ్యకుండా తప్పిన రోజేదైనా ఉందా?”

“ఒక్కరోజు కూడా తప్పలేదు,” అంది కిట్ గొంతు. “మా ఇంట్లో ఒక్కరోజు కూడా.”

తర్వాత కప్పులో టీ పడుతున్న చప్పుడు. అది ఆమే. ఆ మాట విని కూడా ధార తొణక్కుండా పోసింది.

టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వింది. మరోసారి వింది.

1936 జూన్ తొమ్మిది. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆడపిల్ల. మంత్రసాని తువ్వాలులో చుట్టి కిందికి తీసుకుపోయింది. ఎక్కడ పెట్టారని అడిగితే, “అవన్నీ నీకెందుకులే, తొందరగా లేచి తిరుగు,” అన్నాడు కిట్. ఇప్పటికీ చెప్పలేదు. ఆ ఉదయం పాలు పందులకి పోశారు. మేడమీద మంచంలో పడుకుని బాల్చీల చప్పుడు వింది. మర్నాడు అత్తగారు గుమ్మంలో నిలబడి, “ఆవులకేం తెలుస్తుంది, అమ్మాయ్? నిన్నటి పాలు పోయాయి, చాలు,” అంది. ఆనిస్ లేచింది. ఎవరికీ అక్కర్లేని పాలు తన ఒంట్లోనూ పడ్డాయి. చీజ్ చుట్టే గుడ్డ చింపి రవిక లోపల బిగించి కట్టుకుని గుండిగ ముందు నిలబడింది.

కిట్ మరచిపోయి ఉంటే ఏమీ అనుకునేది కాదు. కానీ ఆ గొంతులో వెతుకులాట లేదు. ముప్పయి రెండు ప్రశ్నల్లో ఆమె వంక చూడకుండా అతను జవాబు చెప్పింది ఆ ఒక్కదానికే.

ప్రొఫెసరు చెప్పినట్టే కొట్టింది. కిట్ మాటలు మాత్రం, పొల్లుపోకుండా. మంగళవారం మధ్యాహ్నం కిట్ భోజనానికి వచ్చి కాగితం తీసి చూశాడు.

“ఇదేంటే, అర పేజీయేనా? గంటసేపు మాట్లాడాం కదా.”

“మాట్లాడాం. నువ్వు మాట్లాడింది అంతే.”

అతను పెదవులు కదుపుతూ చదివాడు. “‘ఎంతే, ఆనిస్?’ ‘అదీ.’ ‘ఏం చేసేవాళ్ళమే?’ ఇది చదివితే నన్ను వెర్రివాణ్ణనుకోరూ?”

“ఆయన పక్క మాటలు వద్దన్నాడు.”

“పక్కవో ఎదురువో, అవి కూడా ఎక్కించెయ్, నా పేరు కింద. ఎవడు చూడొచ్చాడు?” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మాంసం చల్లారినట్టుందే.”

ఆమె మాంసం వేడిచేసి పెట్టింది. తిని, టోపీ పెట్టుకుని గొర్రెల దగ్గరికి వెళ్ళాడు. పళ్ళెం అక్కడే వదిలేసి, ఆమె కాగితాన్ని మళ్ళీ టైపు మిషన్లోకి ఎక్కించింది. ‘మా ఇంట్లో ఒక్కరోజు కూడా’ అన్న మాట కింద ఒక వరస వదిలి కొట్టింది.

“తప్పింది. 1936 జూన్ 9. ఆ రోజు నాకు కూతురు పుట్టి, ప్రాణం లేకుండానే పోయింది. పాలు పందులకి పోశారు. మిగతా జవాబులు కావాలంటే వేరే టేపు తెచ్చుకోండి. ఆనిస్ ఆల్డర్సన్, చీజ్ చేసిన మనిషి.”