అమ్మ మంచం పక్కన

అతను పనిచేసే షోరూం మూతపడిన ఏడాదే అమ్మకు పక్షవాతం వచ్చింది. ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు అమ్మిన మనిషి కాబట్టి వస్తువుల మంచిచెడ్డలు చెప్పడం అతనికి ముందే వచ్చు. పగలంతా ఇంట్లో ఉండేది తనొక్కడే కాబట్టి అమ్మను చూసుకోవడమూ వచ్చేసింది. భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసేది. ఆమె జీతంతో ఇల్లు ఈడ్చుకొస్తుంటే, అతను అమ్మను ఇటు తిప్పి, అటు తిప్పి, మధ్యలో దొరికిన తీరికలో ఒక బ్లాగు మొదలుపెట్టాడు. దానికి ‘అమ్మ మంచం పక్కన’ అని పేరు పెట్టాడు.

మొదట్లో డబ్బు ఊసే లేదు. వీపు మీద పుండ్లు పడకుండా వేసే గాలిపరుపుల్లో ఏది నిలుస్తుంది, ఏది వారానికే దిగిపోతుంది, దేని మోటారు చెవులు తినేస్తుంది, ఇవన్నీ తెలుసుకోవడానికి అతను నానా తిప్పలూ పడ్డాడు. ఇంకొకరు పడకూడదని రాశాడు. జనం చదివారు. తమ ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళ గురించి అడగడం మొదలుపెట్టారు. షోరూంలో తనతో పనిచేసినవాడొకడు అది చూసి, ఇంత రాసి ఊరికే వదిలేస్తావేమిటని కసిరాడు. వస్తువు పేరు దగ్గర అమ్మేవాళ్ళ లింకు పెడితే, అది నొక్కి ఎవరైనా కొన్నప్పుడల్లా కమీషన్ వస్తుందని, పక్కన యాడ్స్ కూడా పెట్టుకోవచ్చని దగ్గరుండి నేర్పాడు.

కొన్ని నెలలు చిల్లర రాలింది. తర్వాత, గాలిపరుపుల గురించి వెతికేవాళ్ళకు అతని పోస్టే అన్నిటికంటే పైన కనబడసాగింది. ఇంటద్దె దాని మీదే వెళ్ళిపోయేది. ఆ సంగతి చెబితే అమ్మ వంకరపోయిన నోటితోనే, “అయితే పడుకుని సంపాదిస్తున్నానన్నమాట. మీ నాన్నకి ఈ తెలివి లేకపోయింది,” అంది. ఆమె మాట అతనికీ భార్యకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ మాట కూడా బ్లాగులో రాశాడు.

అమ్మ వానాకాలం మొదట్లో పోయింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక అతను కంప్యూటర్ తెరిస్తే, చక్రాల కుర్చీలు అమ్మేవాళ్ళ మెయిల్ కనిపించింది. కొత్త రకం కుర్చీ గురించి రాస్తే మామూలు కంటే ఎక్కువ కమీషన్ ఇస్తామన్నారు. రాయడానికి కూర్చున్నాడు. ‘ఇందులో కూర్చోబెడితే అమ్మ నడుము నిలుస్తోంది’ అని చెయ్యి అలవాటుగా రాసేసింది. చెరిపేద్దామనుకున్నాడు. చెరిపితే అమ్మ పోయిందని చెప్పాలి. చెబితే ఓదార్పులు వస్తాయి, వాటికి జవాబులు రాయాలి. ఆ ఓపిక లేక అలాగే వదిలేశాడు.

తర్వాత ఇంకోటి. ఆ తర్వాత మరోటి. అమ్మకు ఈ సబ్బు పడింది. అమ్మకు ఈ దుప్పటి వెచ్చగా ఉంది. అమ్మ ఈ మధ్య కాస్త తేరుకుంటోంది. రాసిన ప్రతిసారీ ఒళ్ళు హూనమైపోయేది. అమ్మను ఎత్తి దించి నడుం పట్టేసిన రోజుల్లో కూడా ఇంత నీరసం తెలియదు. భార్య ఒకసారి, చెప్పేయకూడదా అని అడిగింది. అతను అద్దె సంగతి ఎత్తాడు.

అక్కకు బ్లాగులూ గీగులూ తెలియవు. ఆమె కూతురు ఎవరో స్నేహితురాలి ఇంట్లో చూసి తల్లికి చూపించింది. ఆ మధ్యాహ్నమే అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, అమ్మ తేరుకుంటోందని రాశావట.”

అతను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

“ఎక్కడుందో నాకూ చెప్పు. వచ్చి చూసి పోతాను.”

“అలా రాయకపోతే ఎవరూ చదవరక్కా. పోయిన మనిషికి ఏం కావాలని కొంటారు?”

“నీ ఇల్లు గడవాలి, కాదనను. కానీ అన్నేళ్ళు మంచంలో నలిగి నలిగి ఇప్పటికి అమ్మ లేచి వెళ్ళింది. నువ్వింకా పడుకోబెట్టే ఉంచావు కదరా.”

తిడితే బాగుండేది. అక్క తిట్టలేదు. ఉంటానని పెట్టేసింది.

అప్పటికీ అతను ఏమీ చెయ్యలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ రోజులు నెట్టాడు. ఈలోగా ఎప్పటినుంచో తన బ్లాగు చదివే ఒకావిడ నుంచి మెసేజ్ వచ్చింది. ఆవిడకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. షాపు వెనక గదిలోనే తల్లి మంచం. గాలిపరుపు, నీళ్ళు తాగించే గొట్టం కప్పు, అన్నీ అతని లింకుల్లోంచే కొంది. ‘అన్నగారూ, మా అమ్మ నిన్నటినుంచి నోరు తెరవడం లేదు. మీ అమ్మగారికి ఏ కప్పుతో తాగిస్తున్నారు? ఎంతైనా పరవాలేదు, లింకు పెట్టండి’ అని రాసింది.

ఖరీదైన కప్పు ఒకటి ఉంది. దాని మీద కమీషనూ బాగానే వస్తుంది. లింకు కాపీ చేసి జవాబులో అతికించాడు. పంపబోతూ ఆగాడు. చివరి రోజుల్లో అమ్మ కప్పు దగ్గరికి తెస్తే మొహం పక్కకు తిప్పుకునేది. ఇక చాలురా అన్నట్టు. అతను చెంప పట్టుకుని ఇటు తిప్పేవాడు.

లింకు తీసేసి ఇలా రాశాడు: ‘కప్పు కొనకండమ్మా. మా అమ్మ వానాకాలం మొదట్లోనే పోయింది. చివర్లో ఏ కప్పుతోనూ తాగలేదు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు అన్నాడు. ముందు మీ డాక్టరుకి చూపించండి. ఆయన సరేనంటే తడిగుడ్డతో పెదాలు అద్దండి. ఇన్నాళ్ళూ ఈ మాట దాచాను.’

మర్నాడు జవాబు వచ్చింది. డాక్టరు వచ్చి చూసి అదే చెప్పాడట. కింద ఇంకో మాట రాసింది. ‘అమ్మగారు లేరేమో అని నాకు ఎప్పటినుంచో అనుమానమే అన్నగారూ. ఇదివరకు ఆవిడ అన్న మాటలు రాసేవారు, నేను మా అమ్మకి చదివి వినిపించేదాన్ని. ఈ మధ్య మీ పోస్టుల్లో ఆవిడ ఏమీ అనడం లేదు.’

అతను లేచి ముందుగదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. క్లినిక్ నుంచి వచ్చిన భార్య, చెప్పులు విప్పుతూనే ఏమైందని అడిగింది. జరిగింది చెప్పాడు. నిజం రాసేస్తానని, రాబడి పడిపోతుందని కూడా చెప్పాడు.

“పడనీండి,” అందామె. “మిమ్మల్ని చూస్తుంటే నాకే నీరసం వస్తోంది.”

అమ్మ పోయిన సంగతి చిన్న పోస్టుగా రాశాడు. ఆ పేజీలో యాడ్స్ పెట్టలేదు. తర్వాత కల్పించి రాసినవన్నీ తీసేశాడు. మిగిలినవాటిలో కనిపించిన చోటల్లా ‘తాగుతుంది’ని ‘తాగేది’ అని, ‘అంటుంది’ని ‘అనేది’ అని మార్చుకుంటూ పోయాడు. కొందరు మోసగాడన్నారు. కొందరు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. గాలిపరుపు పోస్టులో రాసిందంతా నిజమే కాబట్టి దాని మీద ఎంతో కొంత వస్తూనే ఉంది. మిగతాదానికి ఆసుపత్రి మంచాలు అద్దెకిచ్చే దుకాణంలో పూటపనికి కుదిరాడు. బరువులు మోసే పని. సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోతాయి గానీ, పడుకోగానే నిద్ర పడుతోంది.

ఒక ఆదివారం అక్క మళ్ళీ ఫోన్ చేసింది. కూతురి చేత పెద్ద అక్షరాలు పెట్టించుకుని మొదటినుంచీ చదువుతోందట.

“అమ్మకి వేడిపాలు ఇష్టమని రాశావేమిట్రా? పాలంటే మొహం చిట్లించేది. నువ్వు ఇస్తున్నావని తాగి ఉంటుంది.”

“కాదక్కా, అడిగి మరీ తాగేది.”

“నాకు తెలియదా అమ్మ సంగతి?”

“సరే, మార్చమంటావా?”

“ఉండనీలే,” అంది అక్క. “నా కళ్ళు గుంజుతున్నాయి. తర్వాతది నువ్వు చదువు.”

అతను కుర్చీ కంప్యూటర్ దగ్గరకు లాక్కుని, ఫోన్ బల్ల మీద పెట్టి, చదవడం మొదలుపెట్టాడు.