నడుం కింద సగం ఇటుక

నేను ఒక మట్టి గొట్టాన్ని. మండపేటలో ఒక దర్జీ గారి పెరట్లో, రెండడుగుల లోతున పడుకుని, ఆ ఇంట్లో వాడిన నీళ్ళను ఇరవై రెండేళ్ళు వీధి కాలువకు చేరవేశాను. నన్ను చేసినవాళ్ళు బంకమట్టి పిసికి, అచ్చులో తోసి, ఆరబెట్టి కాల్చారు. మంట బాగా రేగాక బట్టీలో ఉప్పు చల్లారు. అది నా ఒంటికి పట్టి గాజులా మెరిసింది. ఒక వస్తువును అంత అందంగా చేసి, ఎవరికీ కనబడకుండా పూడ్చిపెట్టడం మనుషులకే చెల్లింది.

నాలాంటి గొట్టాన్ని పరిచేముందు కింద ఇసుక పొయ్యాలి. ఒళ్ళంతా నేలకు ఆనాలి. మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. ఇసుక బండి రేపొస్తుందన్నాడు. తెల్లవారితే గృహప్రవేశం.

"ముహూర్తం ఇసుక కోసం ఆగుద్దా? ఏదో ఒకటి పెట్టి పూడ్చెయ్యి" అన్నాడు ఇంటాయన గున్నేశ్వరరావు.

మేస్త్రీ నీళ్ళు పారే వాటం కోసం నా నడుం కింద సగం ఇటుక పెట్టి మన్ను కప్పేశాడు. మర్నాడు పాలు శుభంగా పొంగాయి. వారం తిరక్కుండా పిట్టగోడకు ఇటుకలు తెచ్చిన ట్రాక్టరు నా మీదుగా వెళ్ళింది. సరిగ్గా ఆ సగం ఇటుక ఉన్నచోట నేను చిట్లాను.

మట్టిలో ఉన్నవాళ్ళకు మనుషుల ముఖాలు తెలియవు. వాళ్ళు వదిలే నీళ్ళు తెలుస్తాయి. గున్నేశ్వరరావు స్నానం నీళ్ళలో దారపు పోగులు వచ్చేవి. ఆయన భార్య మాణిక్యాంబ నీళ్ళలో ఆదివారాలు కుంకుడు నురగ వచ్చేది. పిప్పిని మాత్రం గుప్పిట పట్టి ఏరేసేది, ఒక్క తొక్క నాలోకి రానిచ్చేది కాదు. గంజిని చల్లార్చి ఒంపేది. "వేడిది పోస్తే తూముక్కూడా ఒళ్ళు మండుద్ది" అనేది. నా గురించి ఎవరైనా అన్న ఒకే ఒక్క మంచిమాట అది.

మూడో ఏట ఆమె నా పక్కన జామమొక్క నాటింది. నా పగులులోంచి చెమ్మ ఊరుతూ ఉండేది కనుక అది దాహం ఎరగకుండా పెరిగింది. ఆమె చెయ్యి మంచిదని వీధంతా మెచ్చుకుంది. నేనేమీ అనలేదు.

కిందటి మాఘమాసంలో ఆ కుంకుడు నురగ రావడం ఆగిపోయింది. పన్నెండు రోజులు ఎవరెవరివో నీళ్ళు వచ్చాయి. వంటల జిడ్డు, విస్తరాకు ముక్కలు, ఎవరూ ఏరని కుంకుడు పిప్పి. ఆ తర్వాత ఒక్క మనిషి నీళ్ళు, అవీ కొద్దిగా. జిడ్డును తోసుకుపోయే బలం ఆ నీళ్ళకు లేదు. పగులులోంచి ఎప్పుడో లోపలికి వచ్చిన జామవేళ్ళకు ఆ జిడ్డు పట్టి, లోపలంతా గడ్డకట్టింది. ఆషాఢంలో నీళ్ళు వెనక్కి తన్ని వంటింటి గడప దాకా వచ్చాయి.

చూడవచ్చిన అక్కగారు సీతారత్నం పెరట్లో నిలబడి తేల్చేసింది.

"ఆ చెట్టు కొట్టించెయ్యరా తమ్ముడూ. ఇవాళ తూము పగలగొట్టింది, రేపు గోడ పగలగొడుద్ది."

"అది మాణిక్యం పెట్టిందక్కా."

"పెడితే? మురుగులో కూర్చుని అన్నం తింటావా?"

తూము తవ్వడానికి గొట్టాలు వేసే దానియేలుకూ, చెట్టు కొట్టడానికి గొడ్డలి మనిషికీ ఒకే రోజున కబురు వెళ్ళింది. తప్పు చెట్టుది కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోళ్ళు రెండున్నా మాట లేదు.

ముందుగా దానియేలు వచ్చాడు. తవ్వి, మన్ను తుడిచి, గోతిలోంచే కేకేశాడు.

"ఆయ్, గున్నేశ్వరరావు గారూ, ఇలా రండి. వేరు ఇంత గొట్టాన్ని పగలగొట్టదండి. పగిలినచోట తడి చూసుకుని దూరుద్దంతే. అసలు దొంగ ఇదిగోనండి." పారతో ఆ ఇటుకను తట్టాడు. "ఏ మహానుభావుడు పెట్టించాడో గానీ, గొట్టానికి తలగడ పెట్టించాడండి!"

గున్నేశ్వరరావు గోతి అంచున కూర్చుని, లోపలికి ఒంగి ఆ ఇటుకను చూశాడు.

"నేనే దానియేలూ. ముహూర్తం దాటిపోద్దని."

"దివ్యమైన ముహూర్తం అన్నాడు గదరా మన సిద్ధాంతి!" అంది సీతారత్నం.

ముందు ఆయనకే నవ్వొచ్చింది. ఐదు నెలలుగా ఆ పెరట్లో నేను వినని చప్పుడు అది. ఆ తర్వాత లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడే వస్తున్న గొడ్డలి మనిషిని కాఫీ ఇచ్చి పంపించేశాడు.

దానియేలు కొత్త ప్లాస్టిక్కు గొట్టాన్ని చెట్టుకు ఎడంగా తిప్పి వెయ్యడానికి పూనుకున్నాడు. సీతారత్నం పంచాంగం మాట ఎత్తబోతే తమ్ముడు ఆపాడు.

"ఇసుక వచ్చిందక్కా. ఇప్పుడే ముహూర్తం."

నేను రెండు ముక్కలై ప్రహరీగోడ వారన పడి ఉన్నాను. ఎండ తగులుతోంది. ఇన్నేళ్ళూ వేళ్ళుగా మాత్రమే ఎరిగిన చెట్టుకు ఆకులు ఇన్ని ఉంటాయని ఇప్పుడే చూశాను.

వెళ్తూ వెళ్తూ దానియేలు అన్నాడు: "ఇన్నాళ్ళూ మీ తూము నీళ్ళు తాగి బతికిందండి. ఇక ఆ చెమ్మ ఉండదు. ఎండలొస్తే మీరే పొయ్యాలి."

మర్నాడు పొద్దున్నే గున్నేశ్వరరావు బకెట్టుతో నీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పోశాడు. సాయంత్రం పెద్ద వాన పడింది. ఆ మర్నాడు కూడా బకెట్టు పట్టుకుని వచ్చాడు.

"వానాకాలంలో చెట్టుకి నీళ్ళేంట్రా?" అంది సీతారత్నం గడపలోంచి.

"అలవాటు చేసుకుంటున్నానక్కా" అన్నాడు.