మంత్రిగారు అడిగిన ఉదాహరణ

మా మంత్రిగారికి అంకెలంటే గిట్టదు. సరిహద్దు దాటి ఎంతమంది వచ్చారు, ఎంతమందిని వెనక్కి పంపాం అని నేను పట్టికలు వేసి ఇస్తే, కళ్ళజోడు పైకి నెట్టి చూసి పక్కన పడేశారు.

"ఇవి చదివితే సభలో సగం మంది నిద్రపోతారయ్యా. నాకు మనిషి కావాలి. దొంగ కాగితాలతో వచ్చి మన మధ్య దర్జాగా బతుకుతున్నవాడు. వినగానే ఒళ్ళు మండాలి" అన్నారు.

అప్పటికే సాయంత్రం అయిదు దాటింది. ఫైళ్ళ గదికి తాళం వేసుకుని దాని యజమానురాలు వెళ్ళిపోయింది. యజమానురాలంటే గుమాస్తానే, కానీ ఆ తాళంచెవి దగ్గర మంత్రిగారి మాట కూడా చెల్లదు. ప్రసంగమేమో మర్నాడు పదకొండింటికి.

ఇలాంటప్పుడు మా ఆఫీసులో ఒక అలవాటుంది. ఉదాహరణ రావాల్సిన చోట ప్రస్తుతానికి ఏదో ఒకటి నింపేస్తాం, పొద్దున్నే అసలు ఫైలు తీసి మార్చేస్తాం. ఇరవై రెండేళ్ళుగా మంత్రులకు మాటలు రాసిపెడుతున్న చెయ్యి నాది. వాళ్ళు అప్పటికప్పుడు విసిరినట్టు కనిపించే చలోక్తులు కూడా నావే. ఆ సాయంత్రం మాత్రం బుర్ర మొద్దుబారిపోయింది. చేతికి ఏది వస్తే అది రాసేశాను.

ఆరేళ్ళ పిల్లాడు. పినతల్లికి పుట్టి చనిపోయిన కొడుకు కాగితాలతో, ఆ పేరే తన పేరని చెప్పి, పడవలో నది దాటాడు. ఆ పేరుతోనే చదువుకున్నాడు, ఉద్యోగం సంపాదించాడు, పెళ్ళి చేసుకున్నాడు.

అది పిల్లాడి కథ కాదు. పిల్ల కథ. ఆ పిల్ల నా భార్య.

పెళ్ళయిన రెండో ఏడు నాతో చెప్పింది. తన అసలు పేరు ఒకే ఒక్కసారి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆ తర్వాత మేం దాని ఊసెత్తలేదు. ఇప్పుడు మంత్రిగారు సభలో సమర్థించబోయే, నిరుడే అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అలా వచ్చినవాళ్ళని, వచ్చి ఎన్నేళ్ళయినా సరే, పట్టుబడ్డ రోజే పంపించెయ్యచ్చు. ఆ చట్టంలో ఆ ముక్క రాసిందీ నేనే. ఉద్యోగం మరి.

పొద్దున ఎనిమిదింటికి, కథ మారుద్దామని ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీద కాగితాలు లేవు. మంత్రిగారు తెప్పించుకుని కార్లో చదివేశారట. "బ్రహ్మాండంగా ఉందయ్యా!" అని భుజం తట్టారు. అప్పుడు నోరు విప్పి ఉంటే సరిపోయేది. ఇంకో ఉదాహరణ ఇస్తాననాలి, అంతే. కానీ మెచ్చుకున్న మంత్రికి ఎదురు చెప్పడం నా ఒంట్లో లేదు. పైగా అది ఎవరి కథో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

సభలో అధికారులు కూర్చునే చోటు మంత్రుల వెనక, కాస్త ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి మేం మాట్లాడకూడదు. మంత్రికి ఏదైనా కావాలంటే మావైపు చూస్తారు, మేం చీటీ రాసి అటెండరు చేత పంపుతాం.

మంత్రిగారు నా భార్య బతుకంతా గట్టిగా, ఆగి ఆగి చదివారు. పడవ దగ్గర గొంతు తగ్గించారు, పెళ్ళి దగ్గర పెంచారు. "ఇది మోసం కాదా అధ్యక్షా?" అన్నారు. బల్లలు దద్దరిల్లాయి. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

అవతలి పక్షంలో పాత లాయరు ఒకాయన ఉన్నాడు. తాపీగా లేచాడు.

"కథ రక్తి కట్టింది అధ్యక్షా. ఇది నిజమైతే ఫైలు నంబరు చెప్పమనండి. కాకపోతే మంత్రిగారు కథల పుస్తకం వేసుకోవచ్చు, నేనే ముందు కొంటాను."

సభంతా ఘొల్లుమంది. మంత్రిగారి మెడ ఎర్రబడింది. "నంబరుంది అధ్యక్షా. నేను కూర్చునేలోపు చెబుతాను" అని వెనక్కి తిరిగి నన్ను చూశారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫైలు లేదని రాస్తే మంత్రి సభకి అబద్ధం చెప్పినట్టు. అప్పుడు విచారణ. ఇది ఎవరు రాశారు? ఎక్కడ విన్నారు? మొదటి ప్రశ్నకి నేను, రెండో ప్రశ్నకి మా ఇల్లు. అటెండరు నా పక్కన చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఒళ్ళో సంచీలో ఆ వారం తేల్చాల్సిన ఫైళ్ళ జాబితా ఉంది. వేలు పెట్టి వెతికాను. రెండో పేజీలో దొరికాడు. చనిపోయిన అన్న కాగితాలతో చిన్నప్పుడు వచ్చినవాడు. బేకరీలో పని. భార్య, ఇద్దరు పిల్లలు. విచారణాధికారి వదిలేయమని రాశాడు. దాని పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు, వదిలేయడానికి సరేనంటూ, సోమవారం నేను పెట్టిందే.

పడవకి బదులు లారీ, పినతల్లి కొడుక్కి బదులు అన్న. అంత తేడా ఎవరు పట్టించుకుంటారు? నంబరు రాసి ఇచ్చేశాను. అంకెలు గుండ్రంగా, స్పష్టంగా పడ్డాయి.

మంత్రిగారు చదివారు. ఈ రోజే ఆ ఫైలు మీద సంతకం పెడతానని, మర్నాటికల్లా అతన్ని సరిహద్దు దాటిస్తానని సభకి మాటిచ్చారు. లాయరు కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సిగ్గు వెయ్యలేదు. ప్రాణం లేచొచ్చింది.

నాలుగు కాకముందే ఇంటికెళ్ళాను. తలుపు తీసే ఉంది. నా భార్య ముందుగదిలో, కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న సంచీ. తను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, అక్కడ టీవీ ఉంది. పడవ దాకా విని, మిగతాది వినకుండా ఇంటికొచ్చేసిందట. అప్పటినుంచీ అలాగే కూర్చుంది.

నన్ను కాదు, నా భుజం మీంచి వెనక్కి చూసింది.

"ఒక్కరే వచ్చారా?"

"ఒక్కణ్ణే. పిచ్చిదానా, ఎవరూ రారు" అన్నాను. పొద్దుటి నుంచి బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. పొరపాటు ఎలా జరిగిందో, నంబరు అడిగితే ఎలా తప్పించానో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"ఆ నంబరు ఎవరిది?" అంది.

"ఎవరో బేకరీవాడు."

"నిజంగా ఉన్నాడా?"

"ఉన్నాడు."

"పిల్లలు?"

"ఇద్దరు."

"వాళ్ళ పేర్లు తెలుసా?"

"ఎవరికి కావాలి వాళ్ళ పేర్లు? నువ్వున్నావు, అది చాలదా నాకు?" అని అరిచాను. అరుపు విని నాకే భయం వేసింది.

తను నా చేతుల వైపు చూసింది. తర్వాత లేచి, సంచీ పట్టుకుని మా అమ్మాయి గదిలోకి వెళ్ళింది. అమ్మాయి ఇంకా స్కూలు నుంచి రాలేదు. సంచీలో అప్పటికి నా భార్య బట్టలు రెండు జతలే ఉన్నాయి, పోలీసులు వస్తే తనొక్కదాన్నే కదా తీసుకెళ్ళేది అని. ఇప్పుడు బీరువా తెరిచి అమ్మాయి బట్టలు, స్వెట్టరు, పుస్తకాలు ఒక్కొక్కటే అందులో కుక్కడం మొదలుపెట్టింది.

"ఆపదంతా గడిచిపోయిందంటే వినవేం? ఇలా ఇవ్వు" అని సంచీ అందుకోబోయాను. చటుక్కున వెనక్కి జరిగింది. తన వీపు గోడకి తగిలింది.

"ఎక్కడికి వెళ్తారు మీరిద్దరూ?" అన్నాను.

"మీకు చెప్పను" అంది.